చింతపండుతో తోమిన డబ్బాలు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద చోటు చాలకపోతే కాళ్లు ముడుచుకోండి. ఫోన్లు బోర్లా పెట్టండి. నేను చెప్పబోయేది చల్లటి ముచ్చట కాదు. తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, మండుతూనే చెప్తాను. మీరు ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు కాబట్టి మీకు చెప్పి తీరాలి. నేను చదివింది తక్కువ. చిన్నప్పుడు పలక పగిలింది, మళ్లీ కొనివ్వలేదు, అక్కడితో నా చదువు అయిపోయింది. కానీ ఒకసారి చూసింది, విన్నది నా తల్లోంచి పోదు. ఎవరు ఏ మాట ఎక్కడ నిలబడి అన్నారో కూడా చెప్తాను. పేర్లు మాత్రం అడగొద్దు. కొందరు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ల ఇళ్లలో మనుమలు, మనుమరాళ్లు ఉన్నారు. తాత చేసిన పనికి ఆ పిల్లలు తల దించుకోవడం నాకు ఇష్టం లేదు.

కరీంనగర్ దాటి పెద్దపల్లి దారిలో ఒక డబ్బాల కంపెనీలో నేను పని చేశాను. కిరాణా కొట్లలో గుండ్రటి మూతతో వరసగా పెట్టి రస్కులు, కారా, మిక్చరు అమ్ముతారు చూడండి, ఆ నలుచదరపు రేకు డబ్బాలు. ముందు షెడ్డులో మగవాళ్లు మిషన్ల మీద కొత్త డబ్బాలు చేసేవాళ్లు. వెనక పందిరి కింద ఆడవాళ్లం, పాత డబ్బాలను మళ్లీ కొత్త పనికి తయారు చేసేవాళ్లం. ధర్మపురి గుడి దగ్గరి కొట్ల నుంచి, మంథని బస్టాండు నుంచి, అటు భైంసా బజారు నుంచి ఖాళీ డబ్బాలు లారీలో తిరిగి వచ్చేవి. ఒకటి మేక తన్నినట్టు సొట్టపోయి, ఒకటి అడుగున చీమల పుట్ట పెట్టుకుని, ఒకటి మూత పోగొట్టుకుని. వాటిని సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఎండలో బోర్లించి, సొట్టలను కొయ్య సుత్తితో లోపలి నుంచి కొట్టి సాపు చేసి, మూత సరిచూసి పంపేవాళ్లం. అవి రస్కులు నింపుకుని మళ్లీ కొట్టుకు పోయేవి. మళ్లీ మా దగ్గరికే వచ్చేవి. కొన్ని డబ్బాలను నేను సొట్టను బట్టి గుర్తుపట్టేదాన్ని. "ఏమే, మళ్లొచ్చినవా?" అని పలకరించేదాన్ని.

ముందు షెడ్డు వాళ్లు మమ్మల్ని తుక్కోళ్లు అనేవాళ్లు. మిషన్ ముందు నిలబడేవాడికి కంపెనీ చొక్కా ఇచ్చారు. మాకు ఇవ్వలేదు. ఎవరైనా పెద్దమనుషులు కంపెనీ చూడటానికి వస్తే ముందు షెడ్డు చూపించి, టీ తాగించి, అటు నుంచి అటే పంపేవాళ్లు. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు చిరిగిన బొంతను తలుపు వెనక్కి తోస్తాం చూడండి, మా పందిరి వాళ్లకు అట్లాంటిది.

మా పందిరికి మేస్త్రి ఒక అక్క. వయసులో నాకంటే పెద్దది. వాళ్లది చర్చికి పోయే కుటుంబం. తాత కాలం నుంచీ మిషన్ కాంపౌండు పక్కనే ఉండేవాళ్లు. ఆదివారం తెల్ల చీర కట్టుకుని ముందు బెంచీ మీద కూర్చునేది. సోమవారం వచ్చి ఆ పాటలే సుత్తి దెబ్బకు కలిపి లోలోపల పాడుకునేది. గట్టిగా మాట్లాడటం తెలియని మనిషి. కానీ ఆమె సుత్తి ఆగిందంటే పందిరిలో అన్ని సుత్తులూ ఆగేవి. ఎవరి పని బాగా లేకపోయినా తిట్టేది కాదు. ఆ డబ్బాను తన ఒళ్లోకి లాక్కుని సరిచేసి, "గిప్పుడు చూడు పిల్లా, ఎంత చక్కదనముందో" అని తిరిగి ఇచ్చేది. నేను పనిలో చేరిన కొత్తలో నా డబ్బాలు సగం ఆమె ఒళ్లోనే తయారయ్యాయి.

ఆమె కూర్చునేది కూడా ఒక డబ్బా మీదే. అది ఎన్నిసార్లు కొట్టుకు పోయి వచ్చిందో దానికే తెలియాలి. పైన రంగు పొరలు పొరలుగా లేచిపోయి, ఒక పక్క రస్కు బొమ్మ, ఒక పక్క చెక్కల బొమ్మ సగం సగం కనబడేవి. చూడటానికి బాగాలేదని దాన్ని కొట్లకు పంపడం మానేశారు. అక్క దాన్ని పీటగా చేసుకుంది. అందులోనే తన సద్ది గిన్నె, సుత్తి, పాత గుడ్డలు పెట్టుకునేది.

పనిలో మాకు ఒక కట్టడి ఉండేది. డబ్బా లోపల రుద్దకూడదు. బూడిద, ఇసుక, ఇటుక పొడి, కొబ్బరి పీచు ఏదీ ముట్టించకూడదు. గుడ్డతో తుడవడమే. ఎప్పుడో రిటైరైపోయిన ముసలి సూపర్‌వైజరు పెట్టిన కట్టడి అది. ఎందుకు అని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. మాకు కోపం రావాల్సింది అక్కడే. చెయ్యి, చెయ్యొద్దు అని చెప్పేవాళ్లు మాకు బోలెడుమంది ఉన్నారు. ఎందుకో చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఆడవాళ్లకు, అందులో చదువు లేనివాళ్లకు, కారణం చెప్పడం దండగ అనుకున్నారో ఏమో.

ఇట్లా నడుస్తుండగా కంపెనీకి కొత్త మేనేజర్ వచ్చాడు. అంతకుముందు బట్టల వ్యాపారం చేశాడట. చొక్కా ఇస్త్రీ నలగనిచ్చేవాడు కాదు. అన్నిటికీ మెరుపు కావాలి ఆయనకు. గేటుకు రంగు వేయించాడు, మొక్కల కుండీలకు రంగు వేయించాడు, చివరికి మొక్కల మొదళ్లకు కూడా సున్నం వేయించాడు. ఒకరోజు మమ్మల్నందరినీ పిలిచి కుర్చీలో కూర్చున్నాడు. మేము కింద కూర్చున్నాం.

"పట్నం నుంచి పెద్ద బిస్కెట్ కంపెనోళ్లు వస్తుండ్రు. మన పాత డబ్బాల పనే చూస్తరట. నచ్చితే వాళ్ల డబ్బాలన్నీ మన దగ్గరికే వస్తయి" అన్నాడు.

మేము నమ్మలేదు. మా పని చూడటానికా? ముందు షెడ్డు కాదా?

"కార్బన్ తగ్గించాల్నట. కార్బనంటే పొగ అనుకోండ్రి. ఒక కొత్త డబ్బా చెయ్యాలంటే ఎంత పొగ అయితదో, పాతదాన్ని మళ్ల వాడితే ఎంత తక్కువైతదో, గదంత వాళ్లకు లెక్క."

మా పందిరిలో భైంసా నుంచి వచ్చిన కోడలు పిల్ల ఒకతె ఉండేది. పెద్దవాళ్లను 'బాయీ' అని పిలిచేది. నోటికి తాళం లేని మనిషి. ఆమె లేచి, "సార్, మా ఇంటాయన దినమంత బీడీలు తాగుతడు. గా పొగ గూడ లెక్కల రాసుకుంటరా? రాసుకుంటే గాయన్ని గూడ తోలుకొస్త" అంది.

మేమంతా నవ్వాం. మేనేజర్ నవ్వలేదు.

నాకు ఆ పొగ మాట అర్థమైంది. మా తమ్ముడు గోదావరిఖని బొగ్గు బావిలో పని చేశాడు. డ్యూటీ దిగి వచ్చి ఎన్నిసార్లు మొహం కడుక్కున్నా కళ్ల అంచుల్లో నలుపు ఉండేది. రైల్లో పోయేటప్పుడు రామగుండం పొగగొట్టాలు చూస్తూనే ఉంటాం. ఇనుము కరగాలన్నా, రేకు సాగాలన్నా బొగ్గు మండాలి, కరెంటు కావాలి. నేను ఒక డబ్బా సొట్ట తీస్తే ఎక్కడో అంత బొగ్గు మండకుండా ఆగుతుందా? ఇన్నాళ్లూ తుక్కోళ్లు అనిపించుకున్న చేతులు ఇవేనా? ఆ రోజు ఇంటికి పోతూ బస్సులో నా చేతులు నేనే చూసుకున్నాను. ఎందుకు దాచాలి, గర్వంగా అనిపించింది. ఆ గర్వమే మమ్మల్ని ముంచింది.

ఎందుకంటే, చుట్టాలు రాబోతున్నారంటే మా ఇళ్లలో ఏం చేస్తామో మీకు తెలుసు. పండుగకో పెళ్లికో అటక మీది ఇత్తడి గిన్నెలన్నీ కిందికి దించి, చింతపండు, ఇటుక పొడి వేసి, మొహం కనబడేదాకా తోముతాం. చుట్టం గుమ్మంలో కాలు పెట్టేసరికి బిందెల వరస తళతళా మెరవాలి. అది మా ఆడవాళ్ల పరువు.

వాళ్లు రేపు వస్తారనగా మేనేజర్ మా పందిరిలోకి వచ్చాడు. ఆ మనిషి అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. ఒక డబ్బా ఎత్తి లోపలికి చూశాడు. కడిగింది, శుభ్రంగానే ఉంది. కానీ పాత రేకు కదా, బూడిద రంగులో మబ్బుగా ఉంది.

"గిట్లనే చూపెడుతరా వాళ్లకు? మసకమసక ఉన్నది. పెండ్లింట్ల ఇత్తడి బిందె లెక్క మెరవాలె. తోముండ్రి" అన్నాడు.

అక్క సుత్తి కింద పెట్టి లేచి నిలబడింది. "పాత సారు లోపల రుద్దొద్దన్నడు సార్."

"గా పాత సారు రిటైరై ఇంట్ల పన్నడు. ఇప్పుడు సారెవరు?"

"మీరే సార్. కని..."

"కని లేదు, గిని లేదు. రేపు పొద్దుగాల్ల నేనొచ్చేసరికి ప్రతి డబ్బాల నా మొఖం కనవడాలె. నువ్వు మేస్త్రివి, నీదే జిమ్మేదారి."

ఆయన పోయాక అక్క ఒక డబ్బా ఎత్తి లోపల వేలితో తడిమింది. నేనే ఆమెతో, "తోముదాం అక్కా. మన ఇంటికి చుట్టాలొస్తే తోమమా?" అన్నాను. భైంసా పిల్ల అప్పటికే చింతపండు తేవడానికి చెప్పులు వేసుకుంది. పక్కనే ఇటుక బట్టీ, పొడికి కరువు లేదు. ఇక చూడండి మా సంబరం. కొంగులు దోపుకుని, డబ్బాల్లో చేతులు భుజాల దాకా దూర్చి, పోటీలు పడి తోమాం. పాటలు పాడాం. రేకు అంచు తగిలి చెయ్యి గీసుకున్నా లెక్క చేయలేదు. ఒకామె తన డబ్బాలోకి తొంగి చూసి, "నా మొగుడు గూడ నన్నింత మంచిగ చూపియ్యలే" అంది. అక్క మాత్రం పాట ఎత్తలేదు. కానీ తనూ తోమింది. సాయంత్రానికి డబ్బాలన్నీ వెండిలా మెరిశాయి. నీళ్లు వంచి, పందిరి అంచున వరసగా బోర్లించి, మురిసిపోతూ ఇళ్లకు పోయాం.

శ్రావణంలో ముసురు మీకు తెలుసు. వాన కురిసినట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. మేము పోయాక అది పట్టింది.

పొద్దున అందరికంటే ముందు వచ్చింది అక్క. నేను వచ్చేసరికి ఆమె ఒక డబ్బాను చేతిలో పట్టుకుని, అందులోకి చూస్తూ కదలకుండా ఉంది. నేను ఇంకోటి తిప్పి చూశాను. లోపలంతా ఎర్రగా, గోరింటాకు పెట్టి కడిగిన చెయ్యిలా ఉంది. ఇంకోటి తిప్పాను. అదీ అంతే. తోమినవన్నీ తుప్పు. వేలు పెడితే వేలికి అంటుతోంది. అన్నం పెట్టే చేతులతో మేము ఏం చేశామో అర్థం కాలేదు. భైంసా పిల్ల ఏడుస్తూ, "బాయీ, ఎవలన్న ఏమన్న చల్లిండ్రా?" అంది. చేతబడి అనుకుంది పాపం. కారణం చెప్పకుండా పెంచిన మనుషులకు చేతబడి కాక ఇంకేం తోస్తుంది?

కడుగుదామా అంటే నీళ్లు తగిలితే ఇంకా ఎక్కువవుతుందని భయం. తుడుద్దామా అంటే గుడ్డలు ఎర్రబడుతున్నాయి కానీ డబ్బా తెల్లబడట్లేదు. ఇంతలో మేనేజర్ వచ్చాడు. కొత్త చొక్కా, బొట్టు, చేతిలో పూలగుత్తి. ఒక డబ్బాలో తన మొహం చూసుకుందామని వంగాడు. వంగినవాడు వెంటనే లేచాడు.

"ఏం చేసిండ్రే! ఏం పెట్టి తోమిండ్రు!"

"ఇటుక పొడి సార్, చింతపండు" అంది అక్క.

"ఎవరు పెట్టమన్నరు గవి?"

అప్పుడు నాకు మొదటిసారి మంట పుట్టింది. ఎవరు పెట్టమన్నారట! పెళ్లింట్లో ఇత్తడి బిందెను దేనితో తోముతారనుకున్నాడు ఆయన, గంధంతోనా? నేను నోరు తెరవబోయాను. గేటు దగ్గర కారు హారన్ వినిపించింది.

వచ్చింది ఒక పెద్దాయన, ఒక పడుచు పిల్ల. ఆ పిల్ల ఇంజనీరు. భుజానికి సంచి, కాళ్లకు బూట్లు, మెడలో ఏమీ లేదు. మేనేజర్ వాళ్లను ముందు షెడ్డులోనే ఆపాలని చూశాడు. మిషన్లు చూపించాడు, టీ ఇచ్చాడు. ఆ పిల్ల టీ సగం తాగి, "పాత డబ్బాలు ఎక్కడ?" అని తనే నడిచి వచ్చేసింది. వెనక మేనేజర్ పరుగులాంటి నడకతో వచ్చాడు.

ఆమె ఒక డబ్బా తీసి చూసింది. ఇంకోటి చూసింది. మొహం వాడిపోయింది. మా మొహాల్లోకి చూసింది. మేము నేలను చూశాం.

మేనేజర్ మాట అందుకున్నాడు. "ఏం చెప్పాలె మేడం, చదువు లేనోళ్లు. రుద్దొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు. గిదిగో, గీమెనే మేస్త్రి. గీమె తోమిపిచ్చింది." అని అక్క వైపు వేలు చూపించాడు. అంతటితో ఊరుకున్నాడా? "చెప్పు, తప్పైందని చెప్పు మేడంకు" అన్నాడు.

అక్క పెదవులు కదిలాయి. తప్పైందని చెప్పబోతోంది. ఆ మనిషి జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పలేదు, చర్చిలో నేర్చుకుంది కూడా ఓర్పే. ఆమె ఆ మాట అంటే ఇక అయిపోతుంది. తప్పు ఆమెదవుతుంది, మా పందిరి మూతపడుతుంది.

"అనకు అక్కా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మేడం, నిన్న గీ సారే వచ్చి తోమమన్నడు. పెండ్లి బిందె లెక్క మెరవాల్నన్నడు. పాత సారు వద్దన్నడని గీమె నిలవడి చెప్పింది. గీ సారే, నిన్న, గిక్కడ్నే నిలవడ్డడు."

"నోరు ముయ్యి!" అని అరిచాడు మేనేజర్.

"నోరు మూస్కునే ఇన్నేండ్లు సొట్టలు తీసినం సార్. ఇగ నీ సొట్ట గూడ మేమే తియ్యాల్నా?"

భైంసా పిల్ల ఏడుపులోనే కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకు మేనేజర్ మొహం డబ్బాల కంటే ఎర్రబడింది. పట్నం పెద్దాయన దగ్గి పక్కకు చూశాడు. ఇంజనీరు పిల్ల మాత్రం మేనేజర్ వైపు చూడలేదు. వచ్చి అక్కకు ఎదురుగా నిలబడింది.

"ఎందుకు తోమారమ్మా?" అని నెమ్మదిగా అడిగింది.

"మీరొస్తున్నరని బిడ్డా" అంది అక్క. "చుట్టాలొస్తే గిన్నెలు తోముకోమా?"

ఆ పిల్ల డబ్బాను కింద పెట్టి, దాని పక్కన తానూ గొంతుక్కూర్చుని, మాకందరికీ వినబడేలా చెప్పింది. "మీ ఇళ్లలో ఇత్తడి గిన్నెకు కళాయి పోయిస్తారు కదా. ఈ రేకు ఇనుము. దీనికీ పైన కళాయి ఉంటుంది, అదీ తగరమే. చాలా పల్చటి పూత. అది ఉన్నంతసేపు తుప్పు పట్టదు. ఇటుక పొడి దాన్ని గీకేస్తుంది, చింతపండు పులుపు తినేస్తుంది. ఇక తడి తగిలితే చాలు."

కళాయి! మా చిన్నప్పుడు వాడకట్టులో కొలిమి పెట్టుకుని కూర్చునే కళాయి మనిషి చుట్టూ మేమంతా మూగేవాళ్లం. కళాయి గిన్నె లోపల గట్టిగా గీకితే మా అవ్వ వీపు మీద ఒకటి వేసేది. మాకు తెలియని సంగతి కాదిది. ఇది కళాయి అని ఒక్కరు, ఒక్కసారి చెప్పి ఉంటే, మేనేజర్ కాదు కదా, ఎవరొచ్చి చెప్పినా మేము ఇటుక పొడి ముట్టేవాళ్లం కాదు.

ఆ పిల్ల లేస్తూ, "నేను చూద్దామని వచ్చిందే పాతవి. ఎన్నిసార్లు తిరిగి వచ్చినా లోపల బాగుంటుందా లేదా అని. మెరుపు ఎవరు అడిగారు?" అంది. ఆ మాట మాతో అనలేదు. అప్పుడు చూసింది మేనేజర్ వైపు.

తోమనిది ఒక్కటైనా ఉందా అని అడిగింది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంత శ్రద్ధగా తోమాం, ఒక్కటి వదలలేదు. అప్పుడు అక్క వెనక్కి పోయి తన పీట డబ్బాను తెచ్చింది. దాన్ని తోమాలని ఎవరికీ తోచలేదు, తోమేటప్పుడంతా ఆమె దాని మీదే కూర్చుంది కాబట్టి. అందులోంచి సద్ది గిన్నె, సుత్తి, గుడ్డలు తీసి పక్కన పెట్టి, సిగ్గుపడుతూ ఆ పిల్ల చేతికి ఇచ్చింది.

పైన చూస్తే ఏముంది, సగం రస్కు, సగం చెక్కలు, నాలుగు పక్కలా సుత్తి ముద్రలు. ఆ పిల్ల వెలుగు వైపు తిప్పి లోపలికి చూసింది. మబ్బుగా, బూడిద రంగులో, చుక్క తుప్పు లేకుండా ఉంది. అడుగు మూలల్లో కూడా వేలు పెట్టి చూసింది. వేలికి ఏమీ అంటలేదు.

"ఇది ఎన్నేళ్లదమ్మా?"

"ఏమో బిడ్డా. నా రెండో కొడుకు పుట్టకముందుది."

ఆ కొడుక్కి అప్పటికే పిల్లలు. పట్నం పెద్దాయన కూడా వచ్చి లోపలికి తొంగి చూశాడు. ఆ పిల్ల అక్కను ఆ డబ్బా పట్టుకుని నిలబడమని ఫోటో తీసింది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకోబోతే, "వద్దమ్మా, నవ్వండి" అంది. అక్క నవ్వింది. ముందు పన్ను ఒకటి లేదు, అయినా ఎంత బాగుందనుకున్నారు!

వాళ్లు ఒప్పుకున్నారు. మా పందిరి నిలిచింది. లారీలు ఎక్కువయ్యాయి, పందిరిని ఇంకో వైపు పెంచారు. మీరు ఇక్కడ చప్పట్లు కొడతారేమో, ఆగండి. నాకు అసలు మంట ఇక్కడి నుంచే.

తోమిన డబ్బాలన్నీ తుక్కు కింద పోయాయి. అంత నష్టానికి పైన ఎవరికో సంజాయిషీ చెప్పుకోవాలి. మేనేజర్ తన మీద వేసుకుంటాడా? పట్నం వాళ్ల ముందు తన మాట తేలిపోయిందన్న కసి ఒకటి. నన్ను తీయలేడు, నేను నోరున్నదాన్ని, గేటు దగ్గర గొడవ చేస్తానని తెలుసు. నోరు లేనిదాన్ని తీశాడు. "వయసైంది, కండ్లు ఆనుతలేవు, పెద్దామె ఇంటి పట్టున రెస్ట్ తీసుకో" అని చెప్పి అక్కను మానిపించాడు. ఆమె కళ్లు ఆనడం లేదట! చీకటి మూలలో పెట్టిన డబ్బాకు గోరంత సొట్ట ఉన్నా వేలితో పట్టుకునే మనిషికి! ఆమె గొడవ చేయలేదు. మా సుత్తులు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, పిడి వదులైనవాటిని బిగించి ఇచ్చి, సద్ది గిన్నె సంచిలో వేసుకుని పోయింది. పీట డబ్బాను కూడా తీసుకుపోనివ్వలేదు. కంపెనీ సామానట.

తర్వాత ఒక ఉదయం బస్సు దిగేసరికి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ. ఆకుపచ్చ అంచు, చుట్టూ ఆకుల బొమ్మలు. నాకు చదవడం రాదు, భైంసా పిల్ల చదివి వినిపించింది: పాత డబ్బాకు కొత్త జీవితం, భూమాతకు మా కానుక అని ఏదో. మధ్యలో మనిషంత బొమ్మ. పీట డబ్బా పట్టుకుని, పన్ను లేని నవ్వు నవ్వుతూ మా అక్క.

పని నుంచి గెంటేసి గేటు మీద నిలబెట్టారు! ఆ బొమ్మ కింద నుంచి మేము లోపలికి పోవాలి. చెప్పండి, మీకు మండదా?

ఆ రోజు నేను సుత్తి ముట్టలేదు. నన్ను చూసి భైంసా పిల్ల ముట్టలేదు. కాసేపటికి పందిరి అంతా చప్పుడు లేదు. ముందు షెడ్డు మగవాళ్లు కూడా వచ్చి తొంగి చూసిపోయారు, ఆ చప్పుడు లేకపోతే వాళ్లకూ తోచలేదు. మేనేజర్ వచ్చాడు.

"ఏందిది? ఏం కావాలె మీకు?"

"అక్కను పిలువుండ్రి సార్. పిలువకుంటే ఆమె బొమ్మ దించుండ్రి. రెండిట్ల ఒకటి చెయ్యుండ్రి" అన్నాను.

అందరూ నా వెనకే నిలబడ్డారు. ఆయన ఏమీ అనకుండా పోయాడు. బెదిరించలేదు కాబట్టి గెలిచామనుకున్నాం. అక్కకు రేపే కబురు పంపుదాం, స్వీటు తెద్దాం అని మాట్లాడుకున్నాం. బస్సులో భైంసా పిల్ల, అక్క రాగానే ఆమె సద్దిలో ఏ కూర అడగాలో కూడా చెప్పింది.

మరునాడు వచ్చేసరికి ఫ్లెక్సీ లేదు.

ఒక మనిషిని పనిలోకి పిలవడం, ఒక ఫ్లెక్సీ బొమ్మను విప్పడం, ఈ రెండింటిలో ఏది తేలికో ఆయన చూసుకున్నాడు. మేము అడిగిందే ఇచ్చాడు, ఇక సుత్తులు మళ్లీ పట్టక తప్పలేదు. ఆ 'రెండిట్ల ఒకటి' అన్న మాట నా నోట్లోంచి ఎందుకు వచ్చిందా అని ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. న్యాయం అడిగేటప్పుడు ఎదుటివాడికి తేలికైన దారి మీరే చూపించకండి. అడిగితే ఒక్కటే అడగండి.

ఆ ఫ్లెక్సీ చుట్టబెట్టి తుక్కు కుప్ప మీద పడేసి ఉంది. నేను దాన్ని తీసుకున్నాను. వాచ్‌మన్ అడ్డం వచ్చి, "గదెందుకక్కా నీకు?" అన్నాడు. "పాతదాన్ని మళ్ల వాడుతా. గదే కదా మీ కంపెనీ రాసుకున్నది" అన్నాను. వదిలేశాడు.

ఆదివారం చర్చి విడిచే వేళకు అక్క ఇంటికి పోయాను. తెల్ల చీరలో వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయ తుంచుతోంది. జరిగిందంతా చెప్పాను. చెప్తూ ఏడ్చాను, ఏడుస్తూ తిట్టాను, ఆమె దేవుడి ముందు తిట్టకూడని తిట్లు కూడా తిట్టాను. ఆమె చిక్కుడుకాయ తుంచుతూనే వింది. తర్వాత ఆ చుట్ట విప్పమంది. నేను, ఆమె కోడలు చెరో కొస పట్టుకుని వాకిట్లో పరిచాం. వాకిలి చాలలేదు. అక్క తన బొమ్మ కాళ్ల దగ్గర నిలబడి, మొహం దాకా చూసుకుంది.

"ఓ యబ్బా! గంత పెద్దగ చేసిండ్రా నన్ను? పన్ను లేంది గూడ మంచిగ కొట్టొచ్చినట్టు కనవడుతున్నది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె ఇంటి పైకప్పు వైపు చూసింది. వెనక గది మీద రేకు చిల్లులు పడి, కింద గిన్నె పెట్టి ఉంది. "జర గా నిచ్చెన తే బిడ్డా" అని కోడలితో అంది.

కప్పు మీద పరిచి, నాలుగు వైపులా రాళ్లు పెట్టాం. నేను పై నుంచి, "అక్కా, నీ మొఖం లోపలికి పెట్టాల్నా, పైకా?" అని అడిగాను.

"పైకే పెట్టు. నా మొఖం మీద వాన పడితే ఏమైతది? లోపల పిల్లలు తడవకుంటే సాలు" అంది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆ పందిరిలోనే పని చేశాను. మేస్త్రి పని నాకిచ్చారు, అక్క పీట డబ్బా మీద కూర్చునే పని చేశాను. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ డబ్బా చేతికి ఇచ్చి రుద్దొద్దని చెప్పేదాన్ని. అక్కడితో ఆపేదాన్ని కాదు. ఇది కళాయి బిడ్డా, ఇంత పల్చగ ఉంటది, గీకితే పోతది, పోతే తుప్పు పడతది, తుప్పు పడితే కొత్తది చెయ్యాలె, కొత్తది చెయ్యాలంటే మళ్ల బొగ్గు కాలాలె అని మొత్తం చెప్పేదాన్ని. మేనేజర్ ఆ దారిన పోతే ఇంకొంచెం గట్టిగా చెప్పేదాన్ని. ఆయన ఎప్పుడూ ఆగి వినలేదు.

ఇక లేవండి, మీకు పొద్దుపోతోంది. మీ ఇంట్లో డబ్బాలు ఎప్పుడూ నిండుగా ఉండాలి. పాతదని దేన్నీ, ముసలిదని ఎవరినీ తలుపు వెనక్కి తోసే రోజు మీ ఇంటికి రాకూడదు. మీరు పని చేసే చోట మీ చేతులకు ఎందుకో చెప్పేవాళ్లు దొరకాలి, దొరక్కపోతే అడిగే నోరు మీకుండాలి. ఎంత ముసురు పట్టినా మీ కప్పు కింద పిల్లలు పొడిగా నిద్రపోవాలి. సల్లగుండుండ్రి.